గంపలో చెయ్యి పెట్టిందెవరు?

ఇప్పుడు నా చేతికున్న గడియారం నేను రోజుకి ఎంత దూరం నడిచానో, రాత్రి ఎంతసేపు అటూ ఇటూ దొర్లానో లెక్కగట్టి, అడగకపోయినా మా ఆవిడకి చూపించేస్తోంది. మనిషి మీద యంత్రాలకి ఇంత పెత్తనం లేని రోజుల్లో, అంటే నేను బి.ఇడి. పూర్తిచేసి ఆగిరిపల్లి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు మాస్టరుగా కొత్తగా చేరిన రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనుషులు అబద్ధాలు చెబుతారు, యంత్రాలు చెప్పవు, ఆ రెండు వర్గాల మధ్యా న్యాయమూర్తిలా సైన్సు మాస్టరు కూర్చుంటాడు అని. (సైన్సు మాస్టరు ఆ మొదటి వర్గంలోని వాడేనని నాకప్పుడు తట్టలేదు.) ఆ నమ్మకం ఒక మామిడికాయల గంప దగ్గర బోర్లాపడింది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను గాని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్విన తర్వాత కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

మా స్కూల్లో ఒక పెట్టె ఉండేది. మూత తీస్తే లోపల నల్లటి స్పాంజిలో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో సెన్సరు. వేడిని కొలిచేదొకటి, వెలుతురుని కొలిచేదొకటి, చప్పుడుకొకటి, ఇలా. వాటి తీగని అరచేతంత డేటా లాగర్‌కి గుచ్చితే అది రాత్రీ పగలూ కొలతలు దాచుకుంటూ పోతుంది. దాన్ని తీసుకెళ్ళి కంప్యూటరుకి తగిలిస్తే దాచుకున్నదంతా ఒక గీతగా గీసి చూపిస్తుంది. యాజమాన్యం వాళ్ళు దాన్ని పిల్లల కోసం కొన్నారని నేననుకున్నాను. అడ్మిషన్ల కరపత్రం మీద ఫోటో కోసం కొన్నారని చేరాక తెలిసింది. మా హెడ్మాస్టరుగారు (అందరం పెద్దసారు అనేవాళ్ళం) ఆ పెట్టెని తన గది బీరువాలో, పాత శాలువాలో చుట్టి, రెండు కలరా ఉండలు వేసి దాచారు. ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి అడిగితే పెట్టె దించి, మూత తీసి, వాళ్ళు తొంగి చూసేలోపు మూసేసేవారు. పెట్టె వచ్చి రెండేళ్ళయినా ఒక్క సెన్సరూ గుంటలోంచి లేచి ఎరగదు.

నేను వెంటపడ్డాను. ఆ వేసవి సెలవులకి ముందు నూజివీడులో ఒక కాలేజీ వాళ్ళు హైస్కూలు పిల్లలకి సైన్సు మేళా పెడుతున్నారు. పెద్దసారు ఆ ఏడాదే రిటైరవుతున్నారు. ఆయన సర్వీసంతా సైన్సే చెప్పారు గాని ఆయన బడికి సైన్సులో ఒక్క బహుమతీ రాలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేవారు కాదు. ఆఫీసు గదిలో కబడ్డీ కప్పుల పక్కన కాస్త ఖాళీ మాత్రం ఎప్పుడూ తుడిపించి ఉంచేవారు. నేను ఆ ఖాళీ వైపు చూస్తూ అడిగాను. ఆయన పెట్టె ఉన్న బీరువా వైపు చూసి, "పోతే?" అన్నారు. "పోవండి, గుచ్చడమే కదండీ" అన్నాను. "దేంట్లో గుచ్చుతావయ్యా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి దగ్గర ఉంది.

ఆ అమ్మాయిని స్టాఫు రూములో లాయరమ్మ అనేవాళ్ళం. పరీక్ష పేపరిస్తే అరమార్కు కోసం వాదించి గెలిచి, "అరమార్కు కోసం కాదండి, న్యాయం కోసం" అని వెళ్ళే రకం. వాళ్ళ నాన్న మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. "కాయలు మాగేటప్పుడు గడ్డిలో వేడి పుడద్దండి సార్. చెయ్యి పెడితే తెలుస్తది. అది గీస్తే ఎట్టా ఉంటదో చూద్దామండి" అంది. నేను పుస్తకంలో చదివిన శ్వాసక్రియ పాఠమంతా ఆ ఒక్క వాక్యంలో కనపడి, వెంటనే ఆమెని లీడర్ని చేశాను. ఆ ఏడు కాపు కొంచెం ముందుగా అందింది. వాళ్ళ నాన్న బండి వెనక కట్టి ఒక గంపెడు చిన్న రసాలు పంపించాడు. స్టాఫు రూము మూల గంప పెట్టి, అడుగున వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మధ్యలో వేడి సెన్సరు గుచ్చి, మళ్ళీ గడ్డి కప్పి, పైన గోనెపట్టా వేశాం. మా ఆయమ్మ చీపురు పట్టుకుని అంతా చూసి, "కాయలకి జొరమొచ్చిందాండీ, పుల్ల పెట్టారు?" అంది. "వస్తుంది, చూడు" అన్నాను. నా లెక్క ప్రకారం వేడి మెల్లగా పెరిగి, ఒక కొండలాగ లేచి, మళ్ళీ మెల్లగా దిగాలి. ఆ కొండ నా కళ్ళ ముందు అప్పుడే కబడ్డీ కప్పుల పక్కన కూర్చుంది.

రెండ్రోజుల తర్వాత లాగర్‌ని కంప్యూటరుకి తగిలిస్తే కొండ రాలేదు, దువ్వెన వచ్చింది. గీత పైకి లేవడం, ఠక్కున పడిపోవడం, మళ్ళీ లేవడం, మళ్ళీ పడటం. ఎవరో గంప తెరుస్తున్నారు. తెరిచినప్పుడల్లా లోపలి వేడి బయటికి పోతోంది. ఇక్కడ బయటి పాఠకులకి ఒక మాట చెప్పాలి. మా నూజివీడు వైపు మనిషి మాగుతున్న గంప పక్కనుంచి ఊరికే నడిచి వెళ్ళలేడు. కాలు ఆగుతుంది, నడుము వంగుతుంది, చెయ్యి గడ్డిలోకి పోతుంది, ఒక కాయని వెతికి బొటనవేలితో నొక్కుతుంది. ఇంకా రెండ్రోజులు పట్టుద్ది అని తనకి తానే చెప్పుకుని వెళ్ళిపోతాడు. అరగంట తర్వాత మళ్ళీ వచ్చి అదే కాయని నొక్కి అదే మాట చెప్పుకుంటాడు. చుట్టాలింటికి వెళ్ళినా, కాఫీ కంటే ముందు గంప ఎక్కడుందో కనుక్కునే జాతి మాది. ఇదంతా తెలిసి తెలిసి గంపని స్టాఫు రూములో పెట్టినవాణ్ణి ఏమనాలో మీరే అనండి.

నేను మాత్రం ఆ రోజు జనాన్ని అనుమానించాను గాని జాతిని అనుమానించలేదు. గోనెపట్టా మీద 'ముట్టుకోరాదు' అని అట్టముక్క పెట్టాను. (దాన్ని పక్కకి జరిపి నొక్కి, మళ్ళీ భద్రంగా పెట్టేవారు.) రెండు మూడు కాయలు తగ్గినట్టు కూడా కనపడింది. దాంతో నాలో అపరాధ పరిశోధకుడు మేలుకున్నాడు. పొద్దున్నే ప్రార్థనలో లాయరమ్మ జడలో ఒక గడ్డిపరక కనపడింది. అంతే. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి ఆ పరక తీసి పైకెత్తి చూపించాను. "లీడరంటే కాపలా కాయాలి గాని గంపలో చేతులు పెట్టకూడదు. నువ్వు మేళాకి రానక్కర్లేదు" అన్నాను.

ఆ అమ్మాయి ఏడవలేదు. వాదించింది. "నేను కాదండి. ఆ గడ్డి మా షెడ్డులోదండి. పొద్దున్నే నాన్నకి కాయలు సర్ది వచ్చానండి."

"గడ్డి మీద మీ షెడ్డు పేరు రాసుందా?"

"మీ గంప పేరూ రాసి లేదు కదండీ." క్లాసు కిసుక్కుమంది. "అయినా మా కాయలు మేమే ఇచ్చి, మేమే దొంగతనంగా ఎందుకు నొక్కుతామండి? మాకింటి దగ్గర బోలెడున్నాయి."

ఓడిపోతున్నప్పుడు మాస్టర్లు చేసే పనే చేశాను. కూర్చో అన్నాను.

కూర్చుని, మళ్ళీ లేచింది. ఈసారి గొంతు మారింది. "తోటలో పనిరోజులైనా సరే, మేళాకి రమ్మని నాన్నకి చెప్పానండి. వస్తానన్నాడు. ఇప్పుడు నేను కాయలు నొక్కానని తీసేశారంటే మా వీధిలో నవ్వుతారు సార్. ఒక్క పని చేయండి. పెట్టెలో వెలుతురు సెన్సరు కూడా ఉంది కదండీ. అది గోనె కింద పెట్టండి. ఎవరు తీసినా వెలుతురు పడద్ది, టైముతో సహా దొరుకుద్ది. అప్పటిదాకా నేను స్టాఫు రూము గుమ్మం తొక్కను."

ఆ ధైర్యం చూసైనా నాకు అర్థం కావలసింది. నాకు మాత్రం అది సవాలుగా వినపడింది. ఆ సాయంత్రమే వెలుతురు సెన్సరుని గోనె కింద పెట్టాను. మర్నాడు ప్రార్థనలో, యంత్రం అందరినీ చూస్తోంది, సోమవారం నాడు నేరస్థుడి పేరు బయటపెడుతుంది అని ప్రకటించాను. స్టాఫంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దసారు దగ్గారు.

సోమవారం తొమ్మిదో తరగతి గదిలోకి కంప్యూటరు మోయించాను. పెద్దసారు కుర్చీలో కూర్చున్నారు, తెలుగు మాస్టారు గోడకి ఆనుకున్నారు, ఆయమ్మ గుమ్మంలో నిలబడింది. లాయరమ్మ చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. కింద వేడి గీత దిగిన ప్రతిచోటా పైన వెలుతురు గీత ముల్లులా లేచింది. ఒకటీ రెండూ కాదు, ముళ్ళకంపలా ఉంది. మొదటి ముల్లు మీద వేలు పెట్టి, "పొద్దున మొదటి బెల్లు ముందు. అప్పుడు స్టాఫు రూములో ఎవరుంటారు?" అన్నాను. అందరి చూపూ కుర్చీ వైపు వెళ్ళింది.

"నేను నొక్కలేదయ్యా. చెయ్యి పెట్టి చూశానంతే. పెట్టె నా పూచీ కదా, పుల్ల ఉందో లేదో అని" అన్నారు పెద్దసారు.

ఇంటర్వెల్ ముల్లు దగ్గర తెలుగు మాస్టారు ఎవరూ అడక్కుండానే, "నేను ముట్టనే లేదు, వాసన చూశాను. వాసనకి వెలుతురు పడితే నేనేం చేసేది?" అన్నారు. ఆయమ్మ ఇంకా సూటిగా తేల్చింది. "ఊడ్చేటప్పుడు రోజూ నొక్కుతానండి. ఊడిస్తే గంప జరపాలి, జరిపితే నొక్కాలి. మీరు ఊడవద్దంటే నొక్కను." పిల్లలు అరిచి గోల చేశారు. ఆ గోలలో నాకొక సంగతి తట్టింది. ఈ ముళ్ళన్నీ లేచిన రోజుల్లో లాయరమ్మ అన్నమాట ప్రకారం స్టాఫు రూము గుమ్మమే తొక్కలేదు. ఆ మాట పైకి అనకుండా, విచారణని త్వరగా ముగించే ఉద్దేశంతో తెరని పక్కకి జరిపాను. అక్కడ అన్నిటికంటే పెద్ద ముల్లు కనపడింది. ముల్లు కాదు, పశువుల్ని కట్టే గూటం. వెలుతురు పడి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అలాంటిది రోజుకొకటి చొప్పున ఉంది, అన్నీ మధ్యాహ్నం పూటే. అవి ఒంటిపూట బడుల రోజులు. ఆ వేళకి బడి వదిలేసి చాలాసేపవుతుంది.

"ఇదిగో, అసలు దొంగ" అన్నాను, నిజంగా ఆనందంగా. "అందరూ వెళ్ళిపోయాక వచ్చాడు."

చివరి బెంచీలోంచి నెమ్మదిగా వినపడింది. "అందరూ వెళ్ళాక తాళం ఎవరేస్తారండి సార్?"

తాళాల గుత్తి నా చూపుడువేలికే ఉంది. పాఠం చెబుతున్నప్పుడు దాన్ని తిప్పడం నాకలవాటు. తిరగడం ఆగింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా నేను గంప తెరిచానన్న సంగతి నాకు తెలియదు. నేనుండేది రేకుల గది, మధ్యాహ్నం అందులో మనిషి వేగిపోతాడు. అందుకని స్టాఫు రూము ఫ్యాను కింద పడుకుని చల్లబడ్డాక వెళ్ళేవాణ్ణి. వెళ్ళే ముందు సెన్సరు సరిగ్గా ఉందా అని చూసేవాణ్ణి. చూడాలంటే గోనె తీయాలి కదా. తీశాక ఏ కాయ ఎంత మాగిందో తెలుసుకోవడం ప్రయోగంలో భాగం. బాగా మాగిన కాయ ఒకటి ఉంటే అది మిగతావాటి లెక్క పాడుచేస్తుంది, కనుక దాన్ని తొలగించాలి. తొలగించి, చుట్టూ మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, కిటికీ దగ్గర నిలబడి మోచేతుల దాకా రసం కారుతుండగా పీల్చేసేవాణ్ణి. మిగతావాళ్ళంతా గంపలో చెయ్యి పెడుతున్నారు. నేను పర్యవేక్షిస్తున్నాను. నా లెక్కలో తేడా అదీ.

"నేను కేబులు చూశాను" అన్నాను.

"కేబులు అంతసేపు చూశారాండి?" అంది లాయరమ్మ. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన నవ్వు దాచుకోవాలంటే అదే చేస్తారు. ఆయమ్మ మాత్రం నా వైపుకొచ్చి, "పోనీలెండి, టెంకలు కిటికీ కింద ఉంటే ఉడతలనుకున్నాను" అని నన్ను ఓదార్చింది. దాంతో మిగిలిన కాస్త పరువూ పోయింది.

ఇక్కడితో బుద్ధి రావాలి. రాలేదు. ఆ సాయంత్రం నాకు రెండు దిగుళ్ళు పట్టుకున్నాయి. ఒకటి, ఆ పిల్లని అన్యాయంగా తీసేశాను. రెండు, ముళ్ళకంపకి ఎవరూ బహుమతి ఇవ్వరు. రెండిటికీ ఒకటే మందు కనిపెట్టాను. పెద్దసారు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, పడిపోయిన అంకెలన్నీ ఒక్కొక్కటే చెరిపి, అటూ ఇటూ చూసి సరిపోయే అంకెలు వేశాను. వెలుతురు గీతని మొత్తానికే తీసేశాను. చివరికి కొండ వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే, నిజంగా మామిడికాయలే గీశాయని నాకే అనిపించింది. మర్నాడు లాయరమ్మని పిలిచి, ఆ కాగితం చేతికిచ్చి, "నాదే పొరపాటమ్మా. లీడరువి నువ్వే. ఇదే మన గ్రాఫు" అన్నాను. కళ్ళు మెరుస్తాయని ఎదురు చూశాను.

కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇది మన గంప కాదు కదండీ."

"మన గంపే. కాస్త శుభ్రం చేశాను."

"మరి ఇందులో నేను నొక్కలేదని ఎక్కడుందండి?"

నేను తాళాల గుత్తి తిప్పడం మొదలుపెట్టాను. "సార్, క్లాసులో అందరి ముందూ నన్నన్నారు. ఆ ముళ్ళున్నాయి కాబట్టి నేను కాదని అందరికీ తెలిసింది. మీరు ముళ్ళు తీసేస్తే మళ్ళీ నేనే నొక్కినట్టు ఉంటది" అంది. వాదిస్తున్నట్టు లేదు. అరమార్కు అడుగుతున్నప్పటి గొంతు కాదది. బతిమాలుతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఒక సైన్సు మాస్టర్ని, కొలిచింది కొలిచినట్టు ఉంచమని బతిమాలింది. ఆ కాగితం నా చేతిలోకి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నాకు నా మీద పుట్టిన రోత ఇప్పటికీ చిన్న చిన్న సందర్భాల్లో పనికొస్తోంది. పెద్దసారు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పి, "ముళ్ళ గ్రాఫే తీసుకెళ్తామండి, బహుమతి రాకపోవచ్చు" అన్నాను. ఆయన కప్పుల పక్కన ఖాళీ వైపు ఒకసారి చూసి, "నా ముల్లు కూడా ఉంచుతారా?" అన్నారు. "ఉంచాలండి." "సరే, కింద హెడ్మాస్టరని రాయకండి. ఒక ఉపాధ్యాయుడు అని రాయండి" అన్నారు.

మేళాలో మా బల్ల మీద కొత్త కాయలతో గంప, పక్కన కంప్యూటరు, దాని మీద పాకుతున్న గీత. వెనక అట్ట మీద లాయరమ్మ పెద్ద అక్షరాలతో రాసింది: 'మామిడి గంపను ఎవరు తెరిచారు?' కింద పాత గ్రాఫు. అన్నిటికంటే పెద్ద గూటం దగ్గర 'సైన్సు మాస్టరు, కేబులు చూశారు' అని ఉంది. న్యాయనిర్ణేతగా వచ్చినాయన విస్సన్నపేట మనిషి (అదీ మామిడి తోటల ఊరే), కాలేజీలో పెద్ద లెక్చరరు, అప్పటికి మిగతా బళ్ళ పిల్లలు చేసుకొచ్చిన ఎన్నో అగ్నిపర్వతాలు చూసి అలిసిపోయి ఉన్నారు. లాయరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన శ్రద్ధగా తలూపుతూ, అట్ట వైపే చూస్తూ ఉన్నారు. నేను మాత్రం ఆయన ఎడమ చేతిని చూస్తున్నాను. అది తన దారిన తాను వెళ్ళి, గోనె అంచు ఎత్తి, గడ్డిలోకి దూరి, ఒక కాయని వెతుక్కుంది. తెర మీద గీత ఠక్కున పడింది.

"ఇదిగోండి సార్" అంది లాయరమ్మ, వేలు పెట్టి చూపిస్తూ. "ఇది మీరు."

ఆయన తెర చూసి, తన చెయ్యి చూసుకుని, బయటికి తీయకుండానే నవ్వడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల బల్లల దగ్గరి జనమంతా వచ్చి పడ్డారు. ఇక అక్కడ ప్రయోగం చూసినవాళ్ళు లేరు, అందరూ చేసినవాళ్ళే. ఒక్కొక్కరూ చెయ్యి పెట్టడం, తెర మీది గీతలో తమ గుంట చూసుకుని మురిసిపోవడం. తోట పని మానుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చిన లాయరమ్మ నాన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. కూతురి వైపు గర్వంగా చూస్తూ, చూస్తూనే గంపలో చెయ్యి పెట్టి, "ఇంకా రెండ్రోజులు పట్టుద్దండి" అన్నాడు నాతో. "నాన్నా, చెయ్యి తియ్యి" అంది కూతురు. సాయంత్రానికి గంపలో కాయలన్నీ గుజ్జయిపోయాయి. మొదటి బహుమతి ఒక అగ్నిపర్వతానికే వెళ్ళింది. మాకు ప్రోత్సాహక బహుమతి అని చిన్న కప్పు ఇచ్చారు. పెద్దసారు దాన్ని కబడ్డీ కప్పుల పక్కన ఖాళీలో పెట్టి, పెద్దవాటి చాటున కనపడటం లేదని కింద రెండు చాక్‌పీసు డబ్బాలు పెట్టి లేపారు.

మొన్న వేసవిలో ఆగిరిపల్లి దాటి వెళ్తూ ఒక మామిడి ప్యాకింగు షెడ్డు దగ్గర బండాపాను. అక్కడ కాయల్ని గడ్డిలో మాగబెట్టరు. చల్లటి గదుల్లో ప్లాస్టిక్ ట్రేలు పేర్చి, లోపలి వేడినీ గాలినీ సెన్సర్లతో కనిపెడుతూ మాగబెడతారు. ఆ గదులన్నిటికీ సూపర్‌వైజరు మా లాయరమ్మ. ఇద్దరు పిల్లల తల్లి, గొంతు మాత్రం మారలేదు. "లోపలికి వెళ్ళి చూడండి సార్, నేను ఈ ట్రేల లెక్క చూసి వస్తాను" అని పక్క గదిలో సెన్సర్ల తెరల ముందు కూర్చుంది. నేను వెళ్ళిన గదిలో ఎవరూ లేరు. చల్లగా, చీకటిగా, రసాల వాసనతో నిండిపోయి ఉంది. నా జుట్టు నెరిసింది, నాకు తగినంత బుద్ధి కూడా వచ్చిందనే అనుకుంటున్నాను. నేను కేవలం గోడ మీది సెన్సరు ఎలాంటిదో చూద్దామని నాలుగడుగులు ముందుకేశాను, అంతే. పక్క గదిలోంచి, తల తిప్పకుండానే అన్నట్టుగా, ఆమె గొంతు వినపడింది.

"సార్, చెయ్యి తియ్యండి."

తీశాను. ఇంటికెళ్ళేదాకా బండి హ్యాండిలు మీద నా బొటనవేలు రసాల వాసన వేస్తూనే ఉంది. కాయ మాత్రం, మీతో చెప్పకూడదు గాని, ఇంకా రెండ్రోజులు పట్టుద్ది.